సాలిడ్ స్టేట్ బ్యాటరీలు మార్కెట్లోకి ఎప్పుడొస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

రెండు మూడు నెలలకోసారి వాట్సాప్‌లో ఒక వీడియో తిరుగుతుంది. పది నిమిషాల్లో ఛార్జింగ్, 1,200 కిలోమీటర్ల రేంజ్, నిప్పు భయం లేదు, వచ్చే ఏడాదే విడుదల. వీడియో వెనకే ప్రశ్నలూ వస్తాయి. ఎక్కువమంది అడిగేవాటికి ఇక్కడ జవాబులున్నాయి. కంపెనీల ప్రకటనలు 2025 చివరి వరకు వచ్చినవే తీసుకున్నాం.

ఇంకో ఆరు నెలల్లో ఎలక్ట్రిక్ కారు కొందామనుకుంటున్నాం. సాలిడ్ స్టేట్ వచ్చేదాకా ఆగమంటారా?

ఆగకండి. బండి అవసరం ఇప్పుడుంటే ఇప్పుడే కొనండి. అందరికంటే ముందున్న కంపెనీలు కూడా 2027, 2028 అంటున్నాయి. అది కూడా కొద్ది సంఖ్యలో, ఖరీదైన కార్లలో, జపాన్, చైనా, ఐరోపా రోడ్ల మీద. మన దగ్గర పదిహేను లక్షల కారులోకో, లక్ష రూపాయల స్కూటర్‌లోకో దిగడానికి ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. ఈలోపు పెట్రోలుకు పోసిన డబ్బు ఎవరూ తిరిగివ్వరు.

కొత్తది వస్తే పాత బండి రీసేల్ పడిపోతుందేమోనన్న టెన్షన్ కూడా కొందరికి ఉంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్ళు ముందు అడిగేది బ్యాటరీ వారంటీ ఇంకా ఎన్నేళ్ళుందని. మీరూ కొనేముందు దాని మీదే దృష్టి పెట్టండి.

మామూలు లిథియం బ్యాటరీకీ దీనికీ తేడా ఏమిటి?

మీ ఫోన్‌లో, స్కూటర్‌లో ఇప్పుడున్న లిథియం అయాన్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని తడిపి ఉంచే ద్రవం ఉంటుంది. ఛార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు ఆ ద్రవంలోంచి ఒకవైపుకు వెళ్తాయి, బండి నడిపినప్పుడు వెనక్కి వస్తాయి. ఆ ద్రవమే ఎలక్ట్రోలైట్. దానికి మండే గుణం ఉంది. సాలిడ్ స్టేట్ సెల్‌లో ద్రవమూ ప్లాస్టిక్ పొరా రెండూ పోయి, అయాన్లను తనలోంచి దారి ఇచ్చి పంపే ఘనపదార్థం వస్తుంది.

చాలా వీడియోలు ఇక్కడితో ఆపేస్తాయి. కానీ ద్రవం తీసేసి ఘనపదార్థం పెట్టినంత మాత్రాన బ్యాటరీ తేలికవదు. కొన్ని ఘన ఎలక్ట్రోలైట్లు ద్రవం కంటే బరువు కూడా. అసలు లాభం రెండో మెట్టులో ఉంది. గట్టి పొర అడ్డుగా ఉంటే ఆనోడ్‌లో, అంటే ఛార్జింగ్‌లో లిథియం చేరే ఎలక్ట్రోడ్‌లో, గ్రాఫైట్ తీసేసి నేరుగా లిథియం లోహాన్నే వాడుకోవచ్చని ఆశ. ఇప్పటి మంచి నికెల్ సెల్స్ కిలోకు 250 నుంచి 300 వాట్ అవర్ల దాకా ఇస్తాయి, ఎల్‌ఎఫ్‌పి (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ 160 నుంచి 200. లిథియం లోహంతో 400 దాటాలన్నది లక్ష్యం.

స్కూటర్ లెక్కలో చూద్దాం. 3 కిలోవాట్ అవర్ల ప్యాక్‌కు 160 వాట్ అవర్ల సెల్స్ అయితే సెల్స్ బరువే దాదాపు 19 కిలోలు. 400 వాట్ అవర్లవైతే ఏడున్నర కిలోలు. మూడో అంతస్తు ఫ్లాట్‌కు బ్యాటరీ మోసుకెళ్ళి ఛార్జింగ్ పెట్టుకునేవాళ్ళకు ఆ తేడా బాగా తెలుస్తుంది.

ఇది కొత్తగా కనిపెట్టినదా?

కాదు. కొన్ని ఘనపదార్థాల్లోంచి కూడా అయాన్లు ప్రయాణిస్తాయని మైకేల్ ఫారడే 1830ల్లోనే గమనించాడు. 1972లో ఇటలీలో ఒక రోగికి అమర్చిన పేస్‌మేకర్‌లో లిథియం అయొడిన్ బ్యాటరీ ఉంది. అందులో ఎలక్ట్రోలైట్ ఘనమే. తర్వాత కొన్ని దశాబ్దాల పాటు లక్షల గుండెల్ని నడిపింది ఆ రకం బ్యాటరీయే. అంటే సాలిడ్ స్టేట్ బ్యాటరీ యాభై ఏళ్ళ క్రితమే మనిషి ఒంట్లోకి వెళ్ళింది.

మరి కారులోకి ఎందుకు రాలేదు? పేస్‌మేకర్‌కు కావలసింది మైక్రో ఆంపియర్ల కరెంటు. పైగా దాన్ని మళ్ళీ ఛార్జ్ చేయాల్సిన పని లేదు. కారుకు వందల ఆంపియర్లు కావాలి, ఇచ్చినంతా తిరిగి తీసుకోవాలి, వెయ్యిసార్లు అలా చేయాలి. ఘనపదార్థంలో అయాన్లు అంత వేగంగా కదలవన్నది చాలాకాలం పెద్ద అడ్డంకి.

ఆ అడ్డంకి 2011లో తొలగింది. టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ర్యోజీ కన్నో బృందం, టొయోటా పరిశోధకులు కలిసి లిథియం, జర్మేనియం, ఫాస్ఫరస్, సల్ఫర్ కలిసిన ఒక పదార్థాన్ని ప్రకటించారు. గది ఉష్ణోగ్రత దగ్గరే అందులో అయాన్లు ద్రవంలో కదిలినంత వేగంగా కదిలాయి. దానికి నాలుగేళ్ళ ముందు, 2007లో, గార్నెట్ నిర్మాణమున్న ఆక్సైడ్ ఎలక్ట్రోలైట్ వెలుగులోకి వచ్చింది. లిథియం, లాంతనం, జిర్కోనియం ఆక్సైడ్ అది. ఆ పరిశోధనా పత్రం మీద రామస్వామి మురుగన్, వెంకటరామన్ తంగదురై, వెర్నర్ వెప్నర్ పేర్లున్నాయి. మురుగన్ పాండిచ్చేరి విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర ఆచార్యుడు. ప్రపంచంలో పలు స్టార్టప్‌లు ఇప్పుడు పట్టుకు వేలాడుతున్న పదార్థం వెనక ఆయన ఉన్నారన్న సంగతి మన దగ్గర ఎంతమందికి తెలుసు?

2011లోనే పదార్థం దొరికితే, ఇంకా ఆలస్యం దేనికి?

అసలు కథంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఇక మిగిలిన కష్టం ప్రయోగశాలలో తక్కువ, ఫ్యాక్టరీలో ఎక్కువ.

మొదటిది, అంటుకోవడం. ద్రవం ఎక్కడ పోస్తే అక్కడికి పాకుతుంది, ప్రతి సందులోకీ దూరుతుంది. ఘనం అలా కాదు. రెండు పొడుల్ని పక్కపక్కన పెడితే అవి కొన్ని చుక్కల దగ్గరే తాకుతాయి. తాకని చోట అయాన్‌కు దారి లేదు. సరే, గట్టిగా నొక్కి అతికించారనుకుందాం. ఛార్జ్ అయినప్పుడల్లా ఎలక్ట్రోడ్ ఉబ్బుతుంది, ఖాళీ అయినప్పుడల్లా కుంచించుకుపోతుంది. కొన్ని వందలసార్లు అలా జరిగేసరికి అతుకు ఊడి, మధ్యలో సన్నని ఖాళీలు పడతాయి.

అందుకే సల్ఫైడ్ సెల్స్ (2011 నాటి పదార్థంలా గంధకం ఉన్న ఎలక్ట్రోలైట్ వాడేవి) తయారీలో ఒక దశ అందరి తల తింటోంది. పేర్చిన సెల్‌ను సంచిలో వేసి సీలు చేసి, వేడి ద్రవం నింపిన ఉక్కు పాత్రలోకి దించి, అన్నివైపుల నుంచీ వాతావరణ పీడనానికి కొన్ని వేల రెట్ల ఒత్తిడి పెడతారు. లోపలి పొడులు కలిసి ఒకే పలకలా బిగుసుకుంటాయి. ఫలితం బాగుంటుంది, కానీ దించాలి, మూత బిగించాలి, ఒత్తిడి పెంచాలి, ఆగాలి, ఒత్తిడి తగ్గించాలి, తీయాలి. నిమిషానికి పదుల మీటర్ల రేకును చుట్టుకుంటూ పోయే ఇప్పటి లిథియం అయాన్ లైను ముందు ఇది ఎడ్లబండి. జపాన్‌లోని తొచిగి జిల్లా సకురాలో హోండా తన పైలట్ లైన్‌లో (ఫ్యాక్టరీకి ముందు పెట్టే ప్రయోగాత్మక ఉత్పత్తి లైనులో) ఈ పాత్రల పద్ధతి మానేసి, రోలర్ల మధ్య నొక్కుతూ ఆగకుండా లాగే పద్ధతి ఎంచుకుంది. నా మటుకు నాకు రేంజ్ రికార్డుల కంటే ఇలాంటి వార్తలే ముఖ్యం.

రెండోది, తేమ. సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్‌కు గాల్లో తడి తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే విషవాయువు అది. మామూలు లిథియం ఫ్యాక్టరీకే తేమ లేని డ్రై రూములు కావాలి, వాటి కరెంటు బిల్లే పెద్ద ఖర్చు. సల్ఫైడ్‌కు అంతకంటే పొడిగాలి కావాలి. గోరుచుట్టు మీద రోకటిపోటు.

ఆక్సైడ్‌కు తేమ భయం అంతగా లేదు, కానీ దాన్ని వెయ్యి డిగ్రీలకు పైన కాల్చాలి. ఆ వేడికి లిథియం ఆవిరైపోతుంది కాబట్టి ముందే కాస్త ఎక్కువ వేసి కాల్చాలి. చివరికి చేతికొచ్చే పింగాణీ పొర వేయించిన అప్పడమంత పెళుసు. మైక్రాన్లలో కొలిచే మందంలో, చిన్న పగులు కూడా లేకుండా, కోట్ల సంఖ్యలో అలాంటివి కావాలి. క్వాంటమ్‌స్కేప్ అనే అమెరికా కంపెనీ ఏళ్ళ తరబడి కుస్తీ పట్టింది ఈ ఒక్క పొరతోనే. 2025 జూన్‌లో కోబ్రా అనే కొత్త కొలిమి పద్ధతి వాడకంలోకి తెచ్చామని, అంతకుముందు పద్ధతి కంటే కాల్చే దశ దాదాపు 25 రెట్లు వేగంగా సాగుతోందని ప్రకటించింది.

మూడోది డెండ్రైట్లు. వేగంగా ఛార్జ్ చేస్తే లిథియం లోహం వెంట్రుక కంటే సన్నని ముళ్ళలా పెరిగి, ఎలక్ట్రోలైట్‌ను చీల్చుకుని అవతలి ఎలక్ట్రోడ్‌ను తాకుతుంది. అంటే షార్ట్ సర్క్యూట్. గట్టి పింగాణీ గోడ ఉంటే అవి ఆగిపోతాయని మొదట్లో అందరూ నమ్మారు. మెత్తని లిథియం ఆ గట్టి గోడలోని రేణువుల సందుల్లోంచి, కంటికి కనిపించని పగుళ్ళలోంచి దారి చేసుకుంటుందని తర్వాత తేలింది.

పాలిమర్, ఆక్సైడ్, సల్ఫైడ్ అంటారు కదా. వీటిలో ఏది నెగ్గుతుంది?

పాలిమర్, అంటే ప్లాస్టిక్ రకం ఎలక్ట్రోలైట్, ఇప్పటికే ఒకసారి రోడ్డెక్కింది. 2011 చివర్లో పారిస్‌లో మొదలైన ఆటోలిబ్ అద్దె కార్లలో బొలొరె కంపెనీ లిథియం లోహ పాలిమర్ బ్యాటరీలు ఉండేవి. అవి పనిచేయాలంటే బ్యాటరీని 60 డిగ్రీలకు పైగా వేడిగా ఉంచాలి. అందుకే కారు ఖాళీగా ఉన్నప్పుడు కూడా ప్లగ్‌లో పెట్టి ఉంచేవారు. రోజంతా తిరిగే బస్సుకు ఇది సరిపోతుంది, వారానికి రెండుసార్లు తీసే సొంత కారుకు సరిపోదు. అప్పుల భారంతో 2018లో ఆటోలిబ్ మూతపడింది.

కార్ల కంపెనీల డబ్బు ఎక్కువగా సల్ఫైడ్ మీదే పడుతోంది. టొయోటా, నిస్సాన్, హోండా, శామ్‌సంగ్ ఎస్‌డీఐ, బీఎండబ్ల్యూతో పనిచేస్తున్న సాలిడ్ పవర్ అన్నీ ఆ దారిలోనే ఉన్నాయి. సల్ఫైడ్ కాస్త మెత్తగా ఉంటుంది, కాల్చకుండా నొక్కితే చాలు. నా అంచనా కూడా అటే. అయితే ఆ దారిలో ముడిసరుకు లిథియం సల్ఫైడ్‌ను ఇప్పటిదాకా ఎవరూ పెద్ద ఎత్తున తయారు చేయలేదు, కాబట్టి ధర మండిపోతోంది. జపాన్ చమురు కంపెనీ ఇదెమిత్సు ఇందులోకి దిగింది. పెట్రోలియం శుద్ధి చేసినప్పుడు గంధకం ఎలాగూ మిగులుతుంది మరి. ఏటా 1,000 టన్నుల లిథియం సల్ఫైడ్ తయారుచేసే ప్లాంటు 2027 మధ్యకల్లా సిద్ధం చేస్తామంటోంది.

టొయోటా ఎన్నేళ్ళుగా "వచ్చే కొన్నేళ్ళలో" అంటోంది. ఈసారైనా నమ్మవచ్చా?

మీ అనుమానంలో న్యాయం ఉంది. 2020ల మొదట్లో వాడకంలోకి తెస్తామని 2017లో చెప్పారు. 2020లో పరీక్ష కారును నంబరు ప్లేటుతో రోడ్డు మీద నడిపారు. 2021లో ముందు హైబ్రిడ్ కార్లలో వాడతామన్నారు. 2023 జూన్‌లో మాట మార్చి, పూర్తి ఎలక్ట్రిక్ కార్లలోనే 2027–28లో అన్నారు. 1,200 కిలోమీటర్లు, పది నిమిషాల ఛార్జింగ్ అన్న అంకెలు అప్పటివే.

ఈసారి తేడా ఏమిటంటే, మాటల వెనక సరఫరా ఒప్పందాలు కనిపిస్తున్నాయి. ఎలక్ట్రోలైట్‌కు 2023లో ఇదెమిత్సు, క్యాథోడ్ (ఆనోడ్‌కు అవతలి ఎలక్ట్రోడ్) పదార్థానికి 2025లో సుమిటోమో మెటల్ మైనింగ్. ఇదెమిత్సు ప్లాంటు సైజునే చూడండి. 1,000 టన్నులతో కార్లు వేలల్లో తయారవుతాయి, లక్షల్లో కాదు. టొయోటా ఏటా అమ్మేది దాదాపు కోటి వాహనాలు. 2028కల్లా ఏదో ఒక లెక్సస్ లాంటి కారులో కనిపించవచ్చు. మీ వీధిలో ఇన్నోవా పక్కన నిలబడే కారులో మాత్రం కనిపించదు.

మిగతా కంపెనీలు ఎక్కడున్నాయి?

నిస్సాన్ 2025 జనవరిలో యోకొహామాలో పైలట్ లైన్ మొదలుపెట్టింది, 2028 ఆర్థిక సంవత్సరంలో కారు అంటోంది. హోండా 2020ల రెండో సగం అంటుంది, అంతకంటే తేల్చి చెప్పదు. శామ్‌సంగ్ ఎస్‌డీఐ సువాన్‌లో పైలట్ లైన్ నడుపుతోంది, 2027లో భారీ ఉత్పత్తి లక్ష్యం. బీఎండబ్ల్యూ 2025 మేలో సాలిడ్ పవర్ సెల్స్‌తో ఐ7 కారును మ్యూనిక్ చుట్టుపక్కల తిప్పడం మొదలుపెట్టింది. ఫోక్స్‌వ్యాగన్ బ్యాటరీ విభాగం పవర్‌కో, క్వాంటమ్‌స్కేప్ కలిసి 2025 సెప్టెంబరులో డుకాటీ రేసు బైకులో తమ సెల్స్ చూపించాయి.

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ బ్యాటరీలు తయారుచేసే రెండు చైనా కంపెనీల మాట వేరుగా వినాలి. సీఏటీఎల్ ముఖ్య శాస్త్రవేత్త వూ కాయ్ 2024లో మాట్లాడుతూ, పరిజ్ఞానం ఎంతవరకు సిద్ధమైందో చెప్పే తొమ్మిది మెట్ల కొలతలో తాము నాలుగో మెట్టు మీద ఉన్నామని, 2027కల్లా ఏడో ఎనిమిదో మెట్టు చేరాలని, అంటే కొద్ది సంఖ్యలో తయారుచేసే స్థితికి రావాలని చెప్పారు. బీవైడీ అయితే 2027లో నమూనాగా కొన్ని కార్లలో, 2030 ప్రాంతంలో పెద్ద ఎత్తున అంది. ఈ రంగంలో ఎవరికి ఫ్యాక్టరీ కష్టం ఎక్కువ తెలుసో వాళ్ళే తక్కువ ఆశ పెడుతున్నారు. నేను వాళ్ళ తేదీలనే లెక్కలోకి తీసుకుంటాను.

చైనాలో సాలిడ్ స్టేట్ కార్లు ఇప్పటికే అమ్ముతున్నారని విన్నాం, నిజమేనా?

అమ్ముతున్నవి సెమీ సాలిడ్. ద్రవం బాగా తగ్గించారు, పూర్తిగా తీసేయలేదు. నియో కంపెనీ అధినేత విలియం లీ 2023 డిసెంబరులో ఈటీ7 కారును 150 కిలోవాట్ అవర్ల సెమీ సాలిడ్ ప్యాక్‌తో 1,044 కిలోమీటర్లు లైవ్‌లో నడిపి చూపించారు. ఆ ప్యాక్ ఎంత ఖరీదంటే, కంపెనీ దాన్ని అమ్మకుండా ప్రయాణానికి అద్దెకిచ్చే ఏర్పాటు చేసింది. 2025లో చైనాలో వచ్చిన కొత్త ఎంజీ4 సెమీ సాలిడ్ రకం ధర దాదాపు లక్ష యువాన్లు, అంటే మన డబ్బుల్లో పన్నెండు లక్షల పైచిలుకు. అందులో ద్రవం 5 శాతమని కంపెనీ చెప్పింది. ప్యాక్ దాదాపు 54 కిలోవాట్ అవర్లు, రేంజ్ మామూలే.

సెమీ సాలిడ్ చెడ్డదేం కాదు. ఇప్పుడున్న యంత్రాల మీదే చాలావరకు తయారు చేయవచ్చు, అది పెద్ద సుగుణం. కాకపోతే అమ్మకాల విభాగం వాళ్ళు "సెమీ" అన్న ముక్కను చిన్న అక్షరాల్లో వేస్తారు. ఈ గందరగోళం చూసే చైనా ప్రభుత్వ ప్రమాణాల ముసాయిదాలో ద్రవ బ్యాటరీ, ద్రవ–ఘన మిశ్రమ బ్యాటరీ, ఘన బ్యాటరీ అని మూడుగా విడదీశారు.

"ఉత్పత్తి మొదలైంది" అన్న వార్త వచ్చింది. అంటే వచ్చేసినట్టేనా?

ఎంత ఉత్పత్తి అన్నది వెతకండి. ప్రయోగశాలలో చేత్తో కట్టిన గుండీ సెల్, కార్ల కంపెనీకి పరీక్షకు పంపే శాంపిల్, పైలట్ లైన్, అసలు ఫ్యాక్టరీ, ఈ నాలుగింటికీ పత్రికల్లో ఒకటే హెడ్డింగు పడుతుంది. ఏటా ఎన్ని గిగావాట్ అవర్లు అన్న అంకె వార్తలో లేకపోతే అది ఫ్యాక్టరీ వార్త కాదు. 60 కిలోవాట్ అవర్ల కార్లు లక్ష తయారుచేయాలంటే 6 గిగావాట్ అవర్లు కావాలి.

ఇంకో రెండు విషయాలు చదవండి. సెల్ ఎంత ఒత్తిడి కింద పరీక్షించారు, ఎంత ఉష్ణోగ్రత దగ్గర. ప్రయోగశాలలో బోల్టులు బిగించిన ఉక్కు పలకల మధ్య, 60 డిగ్రీల వేడిలో వెయ్యిసార్లు ఛార్జ్ అయిన సెల్‌ను కారులో పెట్టాలంటే ఆ పలకల బరువు కూడా మోయాలి. మెర్సిడెస్ తన పరీక్ష కారులో సెల్స్ ఉబ్బినా కుంచించుకున్నా ఒత్తిడి ఒకేలా ఉండటానికి ప్యాక్‌లో గాలి ఒత్తిడితో పనిచేసే పరికరాలు అమర్చింది. ఆ పని చేసింది వాళ్ళ ఫార్ములా 1 ఇంజిన్ల విభాగం. రేసు కార్ల ఇంజినీర్లు దిగాల్సి వచ్చిందంటే ఇంకా ఎంత దూరం ఉందో ఊహించుకోండి.

ధర ఎంత ఉంటుంది?

మొదట్లో ఎక్కువే. ఎంత ఎక్కువన్నది ఎవరూ బయటపెట్టరు. నిస్సాన్ మాత్రం 2022లో లక్ష్యం ప్రకటించింది: 2028లో కిలోవాట్ అవర్‌కు 75 డాలర్లు, తర్వాత 65. లక్ష్యం వేరు, బిల్లు వేరు.

అసలు చిక్కు పాత బ్యాటరీతోనే. 2010 ప్రాంతంలో కిలోవాట్ అవర్‌కు వెయ్యి డాలర్లు దాటిన లిథియం అయాన్ ప్యాక్ ధర, బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ సర్వే ప్రకారం 2024లో సగటున 115 డాలర్లకు పడింది. ఎల్‌ఎఫ్‌పి అంతకంటే చవక. వేగంలోనూ అంతే. 2025 మార్చిలో బీవైడీ అయిదు నిమిషాల ఛార్జింగ్‌తో 400 కిలోమీటర్లు అంది, ఏప్రిల్‌లో సీఏటీఎల్ అదే అయిదు నిమిషాలకు 520 అంది. రెండూ ద్రవం ఉన్న ఎల్‌ఎఫ్‌పి బ్యాటరీలే. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు. సాలిడ్ స్టేట్ వాళ్ళు 2017లో ఏ బ్యాటరీని ఓడించాలని బయల్దేరారో ఆ బ్యాటరీ ఇప్పుడు అక్కడ లేదు.

ఈ కారణంగానే నాకు అనిపించేది ఒకటే. సాలిడ్ స్టేట్ తయారు చేయగలరా అన్న అనుమానం నాకు లేదు, చేస్తారు. చవక కారులో ద్రవ బ్యాటరీని ధర మీద ఓడించగలరా అన్నదే సందేహం. బరువు, జాగా ప్రాణప్రదమైన చోట, అంటే ఖరీదైన కార్లు, విమానాలు, డ్రోన్లు, సైనిక పరికరాల్లో, ముందు నిలదొక్కుకుంటుంది. 2030కి ముందు మామూలు కారులో చూస్తామని నేను అనుకోను. 2035కల్లా మధ్యతరగతి కారులో వచ్చినా నాకు ఆశ్చర్యం లేదు, రాకపోయినా ఆశ్చర్యం లేదు.

నిప్పు అంటుకోదు అంటున్నారు. నిజమా?

ఈ ప్రశ్న మన దగ్గర ఊరికే పుట్టలేదు. 2022లో నిజామాబాద్, విజయవాడల్లో ఇళ్ళలో పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచి పైన బస చేసిన 8 మంది చనిపోయారు. ఆ ఏడాదే కేంద్రం బ్యాటరీ భద్రతకు సంబంధించిన ఏఐఎస్ 156 ప్రమాణాలను కఠినం చేసింది.

మండే ద్రవం లేకపోతే ప్రమాదం తగ్గుతుంది, అందులో సందేహం లేదు. సున్నా అవుతుందనడం అబద్ధం. పైన చెప్పిన బొలొరె పాలిమర్ బ్యాటరీలున్న బస్సులు రెండు 2022 ఏప్రిల్‌లో పారిస్‌లో తగలబడ్డాయి. అక్కడి రవాణా సంస్థ ఆ రకం బస్సులు 149 కొంతకాలం ఆపేసింది. అదే ఏడాది అమెరికాలోని శాండియా ప్రయోగశాల పరిశోధకులు లెక్కగట్టి చెప్పినదేమిటంటే, పొర పగిలి షార్ట్ అయిన పరిస్థితిలో సాలిడ్ స్టేట్ సెల్ కూడా మామూలు సెల్ అంత వేడెక్కగలదు. శక్తి ఎక్కువ కూరితే వేడి కూడా ఎక్కువే మరి. లిథియం లోహం సంగతి చెప్పనక్కర్లేదు, దానికి నీళ్ళంటే పడదు.

స్కూటర్ కొనేటప్పుడు మీ చేతిలో ఉన్న జాగ్రత్త వేరే. ఏఐఎస్ 156 సర్టిఫికెట్ ఉందా, ఛార్జర్ కంపెనీదేనా చూసుకోండి. రాత్రంతా పడకగదిలో ఛార్జింగ్ పెట్టకండి.

పది నిమిషాల ఛార్జింగ్ వస్తే ఇంట్లో కూడా అంత త్వరగా అవుతుందా?

అవదు. 60 కిలోవాట్ అవర్ల కారును 10 నుంచి 80 శాతానికి తీసుకెళ్ళాలంటే 42 కిలోవాట్ అవర్లు పోయాలి. అది పది నిమిషాల్లో జరగాలంటే 250 కిలోవాట్ల ఛార్జర్ కావాలి. మీ ఇంట్లో ఏసీ ప్లగ్ ఇచ్చేది మూడు కిలోవాట్లు, పద్నాలుగు గంటలు పడుతుంది. బ్యాటరీ ఏదైనా ఈ లెక్క మారదు. హైదరాబాద్–విజయవాడ హైవే మీద ఆగి టీ తాగేలోపు ఛార్జ్ కావాలంటే ముందు అక్కడ అంత కరెంటు ఇవ్వగల ఛార్జర్ ఉండాలి.

1,200 కిలోమీటర్ల రేంజ్ కట్టుకథా?

కాదు. ఫ్యాక్టోరియల్ కంపెనీ సెల్స్ పెట్టిన మెర్సిడెస్ ఈక్యూఎస్ 2025లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి స్వీడన్‌లోని మాల్మో దాకా ఒకే ఛార్జ్‌తో 1,205 కిలోమీటర్లు వెళ్ళింది, ఇంకా 137 కిలోమీటర్లకు సరిపడా మిగిలింది. అది పెద్ద కారు, పెద్ద ప్యాక్, వాడిన సెల్స్ క్వాసీ సాలిడ్ రకం, అంటే పూర్తి ఘనం కాదు. అయినా గట్టి విజయమే. అమ్మే కార్లలో కంపెనీలు ఈ మిగులును రేంజ్‌కు బదులు చిన్న ప్యాక్‌గా మార్చుకుంటాయని నా అనుమానం. 500 కిలోమీటర్లు చాలనుకునే కొనుగోలుదారుకు సగం బరువున్న ప్యాక్ ఇస్తే వాళ్ళకే ఖర్చు కలిసొస్తుంది.

మన ఎండలకు తట్టుకుంటుందా?

ఇక్కడ నిజంగా మంచి వార్త ఉంది. ఘన ఎలక్ట్రోలైట్‌లో వేడి పెరిగేకొద్దీ అయాన్లు ఇంకా వేగంగా కదులుతాయి, ద్రవంలా ఆవిరై సెల్‌ను ఉబ్బించే సమస్య తక్కువ. మే నెలలో రామగుండంలో ఎండలో పెట్టిన బండికి ఇది చిన్న విషయం కాదు. చలిలో మాత్రం చాలా రకాలు మందగిస్తాయి. ఆ బాధ మనకంటే కొరియా, నార్వే వాళ్ళది.

ఫోన్లలోకి ముందొస్తుందా?

చిన్నవి ఇప్పటికే ఉన్నాయి. జపాన్‌లో మాక్సెల్ ఫ్యాక్టరీ యంత్రాల కోసం పింగాణీ డబ్బీలో పెట్టిన చిన్న సల్ఫైడ్ బ్యాటరీలను 2023 నుంచి తయారు చేస్తోంది. ఇయర్‌బడ్స్, వాచీల కోసం కొత్త పదార్థం సిద్ధం చేశామని టీడీకే 2024లో ప్రకటించింది. చిన్న సెల్‌లో ఒక్క పొర పగిలితే పోయేది కొద్ది రూపాయలు. కారు ప్యాక్‌లో అయితే పోయేది లక్షలు. ఫోన్‌కు మాత్రం తొందరపడకండి, సిలికాన్ కార్బన్ ఆనోడ్‌తో ద్రవ బ్యాటరీలే అక్కడ బాగా ముందుకెళ్ళాయి.

ఈ కంపెనీల షేర్లు కొనవచ్చా?

పెట్టుబడి సలహా ఇవ్వను. ఒక సంగతి మాత్రం చెప్తాను. క్వాంటమ్‌స్కేప్ 2020 నవంబరులో మార్కెట్లోకి వచ్చి, డిసెంబరులో 130 డాలర్లు దాటింది. అప్పటికి అమ్మడానికి ఒక్క సెల్ కూడా లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. 2022 చివరికి పది డాలర్ల లోపే. పని మాత్రం ఆగలేదు, నెమ్మదిగా ముందుకే వెళ్ళింది.

సాలిడ్ స్టేట్ వస్తే దివిటిపల్లి లాంటి ఫ్యాక్టరీలు వృథా అయిపోవా?

మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా గిగా ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. పదేళ్ళలో 9,500 కోట్ల పెట్టుబడి, ఏటా 16 గిగావాట్ అవర్ల సెల్స్ తయారీ లక్ష్యం. ఎల్‌ఎఫ్‌పి పరిజ్ఞానం కోసం 2024లో చైనా బ్యాటరీ కంపెనీ గోషన్ సంస్థల గ్రూపుతో ఒప్పందం చేసుకుంది. తిరుపతిలో మునోత్ ప్లాంటు చిన్నది, ఫోన్ల లాంటి పరికరాల సెల్స్ కోసం పెట్టింది.

ఎల్‌ఎఫ్‌పి వెళ్ళేది ఆటోలకు, స్కూటర్లకు, బస్సులకు, సోలార్ కరెంటు నిల్వకు, సెల్ టవర్లకు. టవర్ కింద పెట్టే బ్యాటరీ ఇరవై కిలోలు తేలికైతే ఎవరికీ ఒరిగేది లేదు, వంద రూపాయలు తగ్గితే మాత్రం ఆర్డరు మారుతుంది. అక్కడ సాలిడ్ స్టేట్‌కు చాలాకాలం చోటు దొరకదు. పైగా పొడి కలపడం, రేకు మీద పూత పూయడం, చుట్టడం, డ్రై రూము నడపడం లాంటి పనులు చాలావరకు రెండింటికీ కావాలి. అవి చేతికి రాని దేశం రేపు సాలిడ్ స్టేట్ సెల్స్‌ను కూడా ఇప్పటిలాగే కంటెయినర్లలో దిగుమతి చేసుకుంటుంది.